కుండూ లేన్ అని రాసి చెరిపేసిన మనిషి

గోష్ఠబిహారీ సాంపుయి ముప్పై నాలుగేళ్లపాటు ఉత్తర కలకత్తా ఇళ్లలో కరెంటు మీటర్లు చూసి రాసుకున్నాడు. ఆ పేటల్లో చదువుకున్నవాళ్లకి ఇళ్లు ముఖం వైపు నుంచి తెలుస్తాయి. ఆ స్తంభాలేమిటి, ఆ ఆకుపచ్చ కిటికీ రెక్కలేమిటి, ఏ జమీందారు ఎప్పుడు కట్టించాడు, అదీ వాళ్ల లెక్క. గోష్ఠకి మాత్రం ఇళ్లన్నీ మెట్ల కింద నుంచి తెలుసు. ఎవరింట్లో మీటరు పలక వీధి తలుపు పక్కన ఉంది, ఎవరింట్లో బొగ్గుల గదిలో ఉంది, ఎక్కడ దూలం నెత్తికి తగులుతుంది, ఎక్కడ కుక్క పిక్క పట్టుకుంటుంది, ఏ ఇంటి పెద్దావిడ కూర్చోబెట్టి మరమరాలు పెడుతుంది, ఏ ఇంటి పెద్దమనిషి మీటరు తానే తిప్పుతున్నట్టు తనని తిడతాడు, అన్నీ కంఠతా వచ్చు. ఇదీ ఒక విద్యేనా అని మీకు అనిపించవచ్చు. ఆయన భార్య పూరబి అయితే ఆ మాట ముఖం మీదే అంటుంది.

ఉద్యోగం అయిపోయాక బరానగర్‌లోని రెండు గదుల ఇంట్లో మూడు నెలలు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పూరబి ఎటు నడిస్తే అటు అడ్డం. వంటింట్లోకి వచ్చి పప్పు డబ్బాల వరుస మార్చాడు. మేడ మీద ఆరేసిన వడియాల్ని రోజుకి రెండుసార్లు తిరగేశాడు. చివరికి ఆ ఇల్లాలు కృష్ణనగర్‌లో ఉన్న కూతురు ఝుమాకి ఫోన్ చేసి, మీ నాన్నకి ఏదో ఒక పని చూపించు, లేకపోతే నేను మీ ఇంటికి వచ్చేస్తానని బెదిరించింది. ఝుమా వచ్చి తండ్రి చేతికి ఒక పెద్ద తెర ఫోన్ ఇచ్చి, 'పాత రోయాక్' అనే గ్రూపులో చేర్చి వెళ్లింది. రోయాక్ అంటే మరేం లేదు, అక్కడి ఇళ్ల ముందుండే అరుగు. పూర్వం మగవాళ్లంతా సాయంత్రం అక్కడ చేరి ప్రపంచాన్ని చక్కదిద్దేవాళ్లు. ఇప్పుడు అరుగుల మీద మోటార్ సైకిళ్లు నిలబెడుతున్నారు కాబట్టి ఆ పని ఫోన్లలో సాగుతోంది.

పద్దెనిమిది వేల మంది ఉన్న గ్రూపు అది. గోష్ఠ చేరిన కొత్తలో అక్కడ జరిగే పోట్లాటలు చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు. ఫలానా గంగ రేవుకి మెట్లు ఇరవయ్యా, ఇరవై రెండా అని వారం రోజులు కొట్టుకున్నారు. ఒకాయన నిజంగానే పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టి వచ్చి, ఆటు పోటుని బట్టి రెండూ నిజమేనని రాశాడు. ఏ కొట్టువాడు వంకాయ బజ్జీలు అచ్చంగా ఆవనూనెలో వేయించేవాడన్న విషయం మీద పదకొండు రోజులు వాదించుకుని, చివరికి ఆ కొట్టువాడి మనవణ్నే పట్టుకొచ్చారు. వాదన అంటే అదీ. అందులో అసలు అందం ఏమిటంటే, జనం ఓడిపోయేవాళ్లు. "నేను పప్పులో కాలేశానండీ, మీరు చెప్పిందే నిజం" అని రాసి మర్నాడు మళ్లీ హుషారుగా వచ్చేవాళ్లు. గోష్ఠ ఒంటి వేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ రెండు వాక్యాలు రాసేసరికి పూరబి రెండు కూరలు వండేది. అయినా ఆ రెండు వాక్యాలకి ఎవరో ఒకరు బదులిచ్చేవాళ్లు. ఆయనకి ఇన్నాళ్లకి ఒక అరుగు దొరికింది.

తర్వాత్తర్వాత ఆ అరుగు మీదికి లాహిరీ గారి ప్రభ వచ్చింది. అమియశంకర్ లాహిరీ కాలేజీలో చరిత్ర చెప్పి విరమించిన మనిషి. మర్యాదస్తుడు, మాట మెత్తన, బెంగాలీ రాస్తే చదివినవాడికి కడుపు నిండుతుంది. పదింట తొమ్మిది సార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది కూడా. పాపం ఆ పదోసారితోనే వచ్చింది చిక్కంతా. జనం తొమ్మిదికి అలవాటుపడి పదోదాన్ని చూడటం మానేశారు. ఆయన ఒక మాట రాయడమే తరువాయి, కింద "దారుణ్, దారుణ్" అని వాన కురిసేది. తెలుగువాడు వింటే అదిరిపడతాడు గానీ, బెంగాలీలకి ఆ మాటకి బ్రహ్మాండమని అర్థం. ఆయన తానా అంటే పద్దెనిమిది వేల మంది తందానా. పోట్లాటలు పోయాయి, రుజువులు పోయాయి, రేవుకెళ్లి మెట్లు లెక్కపెట్టే పిచ్చివాళ్లూ పోయారు.

దానికి తోడు ఒక ఆచారం మొదలైంది. ఎవరు పెట్టారో తెలియదు. ప్రతి ఆదివారం ఒక పాత ఫొటో పెట్టి ఇది ఎక్కడిదో చెప్పమనేవాళ్లు. జనం తోచింది రాసేవాళ్లు. మధ్యాహ్నం భోజనం చేసి లాహిరీ గారు తన జవాబు రాసేవాడు. ఆ మరుక్షణం, వేరే జవాబు రాసినవాళ్లంతా తమ తమ జవాబులు చెరిపేసుకునేవాళ్లు. పెద్దాయన మాట కింద మరో మాట ఉంచడం అమర్యాద అని ఎవరికి వారే అనుకున్నారు. సాయంత్రం చూస్తే ఆయన జవాబు ఒక్కటే పైన, కింద దారుణ్‌లు. ఈ ఊరి జ్ఞాపకశక్తి ఎంత గొప్పదో అని ఆయన మురిసిపోయేవాడు. మురవడా మరి? ఆయనకి కనబడేది అదే కదా.

అలాంటి ఒక ఆదివారం సిల్చార్ నుంచి సుదేష్ణా పురకాయస్థ అనే ఆవిడ ఒక ఫొటో పెట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల, రెండు జడలు, మెట్టు మీద కూర్చుని ఎండకి కళ్లు చికిలించుకుని నవ్వుతోంది. ఆ పిల్ల తన తల్లి బాసన అని, ఇప్పుడు ఎనభై ఒకటని, పుట్టింది కలకత్తాలోనేనని రాసింది. ఫొటో తీసిన ఏడాదే ఆవిడ తండ్రి పోయాడు, సంసారం అస్సాంలో మేనమామ ఇంటికి చేరింది. మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు. వీధి పేరు గుర్తులేదు. చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు పుట్టిన ఇల్లు ఒక్కసారి చూస్తానంటోంది, దయచేసి ఎవరైనా గుర్తుపట్టండి అని రాసింది.

గోష్ఠ ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. పిల్ల వెనకాల, మెట్ల మలుపులో, మనిషి తలకంటే జానెడు ఎత్తున మీటరు పలక ఉంది. అది ఆయనకి తెలిసిన పలక. వానాకాలంలో నడుం లోతు నీళ్లొచ్చే వీధి అది. అందుకే అంత ఎత్తున బిగించారు. దాన్ని చూడటానికి ఆయన ఇరవై ఏళ్లు మునివేళ్ల మీద నిలబడ్డాడు. పక్కనే ఇనప రేకుల పువ్వున్న గుండ్రటి కిటికీ. కుండూ లేన్, ఏడో నంబరు. సందేహం లేదు.

అలాగే రాశాడు. ఆయన రాసేలోపు మరో నలుగురు కూడా కుండూ లేన్ అనే రాశారు. రెండున్నరకి లాహిరీ గారు వచ్చి, ఆ గుండ్రటి కిటికీ పనితనాన్ని బట్టి, ఆ మెట్ల రాతిని బట్టి ఇది బహుశా శిబ్ మిత్ర లేన్‌లోని పదహారో నంబరు ఇల్లు కావచ్చునని, ఆ ఇంటికి ఒక చరిత్ర ఉందని చక్కగా మూడు పేరాలు రాశాడు. ఆ 'బహుశా'ని ఎవరు చూశారు? వాన మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, కుండూ లేన్‌లు మాయమయ్యాయి. గోష్ఠది ఒక్కటే మిగిలింది. అంతమందిలో తను ఒక్కడే లుంగీతో నిలబడ్డట్టు అనిపించింది ఆయనకి. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, ప్రొఫెసరుగారికి ఎదురు చెప్పడమా అనుకున్నాడు. చెరిపేశాడు. చెరిపి ఊరుకున్నా బాగుండేది. కింద "దారుణ్" అని కూడా రాశాడు. ఆ మాట మాత్రం ఎప్పుడూ లేనిది తొందరగా టైపు చేశాడు.

మర్నాడు సుదేష్ణ ఆనందం పట్టలేక మళ్లీ రాసింది. రైలు టికెట్లు దొరికాయి, వచ్చే ఆదివారం అమ్మని తీసుకొస్తున్నానని. గ్రూపంతా ఊగిపోయింది. పదహారో నంబరు ఇంటివాళ్లతో మాట్లాడారు. పూలదండ ఎవరు, సందేశ్ మిఠాయి ఎవరు, శంఖం ఎవరు ఊదాలి అని పనులు పంచుకున్నారు. గోష్ఠకి అన్నం సయించలేదు.

"ఏవండీ, చేప ముక్కతో ఏమిటి మంతనాలు?" అంది పూరబి.

ఆయన జరిగింది చెప్పాడు. ఆవిడ విని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ముప్పై నాలుగేళ్లు గడప గడపకీ వెళ్లి, జనానికి ఇష్టంలేని అంకెలు చెప్పి తిట్లు తిన్నారు. ఒక్కనాడూ ఒక అంకె మార్చి రాయలేదు. ఇప్పుడు బొటనవేలు బొమ్మలకి భయపడ్డారా?"

అది సూటిగా తగిలింది. ఆ పూటే గ్రూపులో రాశాడు, క్షమించాలి, ఇది కుండూ లేన్ ఏడో నంబరు, ఆ మీటరు పలక నేను ఇరవై ఏళ్లు చూశాను అని. గంటలో నూట నలభై మంది విరుచుకుపడ్డారు. గోష్ఠదా, ఈసారి రీడింగు తప్పొచ్చింది, కళ్లజోడు మార్చండి అన్నాడొకడు, అన్నా అనే 'దా' మాత్రం మరిచిపోకుండా తగిలించి. చరిత్ర వేరు, కరెంటు వేరు అన్నాడు ఇంకొకడు. పెద్దావిడ సంతోషం చూసి ఓర్వలేని వాళ్లు కూడా ఉంటారా అని ఒకావిడ కన్నీళ్ల బొమ్మలు పెట్టింది. గ్రూపు కాపలా చూసే తపోబ్రత అనే బీమా ఏజెంటు, వాతావరణం చెడగొట్టే మాటలు ఇక్కడ వద్దని ఆ రాత చెరిపేసి, గోష్ఠ వారం రోజులు ఏమీ రాయకుండా నోటికి తాళం వేశాడు. లాహిరీ గారు ఆ పూట కంటి డాక్టరు దగ్గర ఉన్నాడు. ఆయన ఫోన్ తెరిచేసరికి అక్కడ ఏమీ జరిగినట్టే లేదు.

గోష్ఠ సుదేష్ణకి విడిగా రాశాడు. ఆ అమ్మాయి బాబాయి వరస కలిపి మర్యాదగానే జవాబిచ్చింది. కాకూ, ఇంతమంది ఒకే మాట చెబుతున్నారు, లాహిరీ గారంతటి వారు చెబుతున్నారు, అమ్మ గుండె బలహీనం, ఇప్పుడు వేరే మాట చెప్పి ఆవిణ్ని కలవరపెట్టలేను అంది. ఆ అమ్మాయిని మాత్రం ఏమనగలం?

అప్పుడు ఆయనకి చెరిపేసిన నలుగురూ గుర్తొచ్చారు. వాళ్లలో కేతకీ బసాక్ అనే సంగీతం టీచరు నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. ఆవిడ చాలాసేపు నసిగి, చివరికి అసలు సంగతి చెప్పింది. ఏడో నంబరు పక్కింట్లో ఆవిడ పదకొండేళ్లు కాపురం ఉందిట. ఆ గుండ్రటి కిటికీ ఆవిడ వంటింటికి ఎదురుగా ఉండేదిట.

"మరి చెరిపేశారేం కేతకీదీ?"

"లాహిరీదా అలా రాసేసరికి నాకే అనుమానం వచ్చింది గోష్ఠదా. నేనే సరిగా చూడలేదేమో అనుకున్నాను." ఆ వెంటనే, "నా పేరు మాత్రం బయట పెట్టకండి" అంది.

పదకొండేళ్లు అన్నం వండుకుంటూ చూసిన కిటికీ. గోష్ఠ ఫోన్ పెట్టేశాడు. ఇంకెవరికి చెప్పాలి? లాహిరీ గారికి ఉత్తరంలా ఒకటి రాసి, చదివి, చదివి, అదీ చెరిపేశాడు.

ఆదివారం పొద్దున ఉతికిన పంజాబీ లాల్చీ తొడుక్కుంటుంటే పూరబి అడిగింది, తాళం వేశారుగా, వెళ్లి ఏం చేస్తారని. తెలియదన్నాడు. "గ్రూపులో నోరు నొక్కారు గానీ వీధిలో ఎవడు నొక్కుతాడు? వెళ్లండి" అని గొడుగు చేతికిచ్చింది.

శిబ్ మిత్ర లేన్ పెళ్లివారిల్లులా ఉంది. నలభై మంది చేరారు. ఇన్నేళ్లు పేర్లుగానే తెలిసినవాళ్లు ముఖాలు చూసుకుని మురిసిపోతున్నారు. గోష్ఠని చూసి కొందరు పలకరించారు, కొందరు ఆకాశం చూశారు. కేతకి గుంపు వెనకాల ఒక గోడకి అతుక్కుని నిలబడి ఉంది. వాకిట్లో కుర్చీ వేసి బాసనాదేవిని కూర్చోబెట్టారు. చిన్న మనిషి, తెల్లచీర, మెడ దిగిపోయేంత రజనీగంధ దండ. శంఖం ఊదారు. లాహిరీ గారు ఆ ఇంటి చరిత్ర చెప్పాడు. అందరూ పిన్నిగారూ అన్నట్టు వంగి వంగి ఆవిణ్ని అడుగుతున్నారు. మాషీమా, ఈ స్తంభం గుర్తుందా? గుర్తుంది నాయనా. ఈ వసారాలో ఆడుకునేవారు కదూ? ఆడుకునేదాన్ని తల్లీ. పక్కన సుదేష్ణ కళ్లు తుడుచుకుంటూ ఫోన్‌లో అన్నీ తీసుకుంటోంది.

గోష్ఠ వచ్చిన దారి వైపు చూశాడు. ఆవిడే ఇదే ఇల్లని అంటున్నప్పుడు ఇక తనెవరు? నిజంగానే రీడింగు తప్పొచ్చిందా? కాళ్లకి దండం పెట్టి వెళ్లిపోదామని వంగాడు. ఆవిడ ఆశీర్వదిస్తున్నట్టు ఆయన తల మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగింది.

"ఎవరివో గానీ బాబూ, నువ్వొక్కడివీ నన్నేమీ అడగలేదు. ఇది కాదు మా ఇల్లు."

గోష్ఠ అలాగే వంగి ఉండిపోయాడు. మరి చెప్పరేం మాషీమా అన్నాడు గొంతు తగ్గించి.

"ఎట్లా చెప్పను? ఇంతమంది పిల్లలు, ఇన్ని పువ్వులు. నా కూతురి ముఖం చూడు. పోనీలే, ఇదే అనుకుంటే సరి."

గోష్ఠ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు గడపలో నిలబడి పేరు పిలిచే మీటరు మనిషి గొంతు. మూడంతస్తులకీ వినబడుతుంది. "లాహిరీదా, ఇది ఈవిడ ఇల్లు కాదు. కుండూ లేన్ ఏడో నంబరు" అన్నాడు.

తపోబ్రత ముందుకొచ్చాడు గానీ, ఇక్కడ నొక్కడానికి మీటలేవీ లేవు. లాహిరీ గారు కళ్లజోడు తీసి, పెట్టుకుని, తీశాడు. "కావచ్చు. నేను బహుశా అనే రాశాను. మరి ఒక్కరూ నాకు చెప్పలేదే?"

"ఐదుగురం చెప్పాం సార్. మీరు రాగానే చెరిపేసుకున్నాం."

గోడ దగ్గర కేతకి ఏడుపు గొంతుతో అంది, నేను పక్కింట్లో పదకొండేళ్లున్నాను, అది కుండూ లేనే అని. అంతే. కట్ట తెగింది. నాకు మొదట్నుంచీ అనుమానమే అన్నాడొకడు. ఆ మెట్ల రాయి చూసినప్పుడే అనుకున్నాను అంది కన్నీళ్ల బొమ్మలావిడ. రెండు నిమిషాల్లో నలభై మందీ పుట్టుకతో కుండూ లేన్ వాదులైపోయారు. గోష్ఠదా దారుణ్, గోష్ఠదా మనకి మాణిక్యం అంటూ దండ తీసి ఆయన మెడలో వేయబోయారు. ఆయనకి పొద్దుటికంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది. వీళ్లు మార్చింది ఇల్లు కాదు, లాహిరీ గారిని దించి ఆ కుర్చీలో తనని కూర్చోబెట్టారంతే.

రిక్షాలో బాసనాదేవి, వెనక ఊరేగింపు, రెండు సందులు దాటి కుండూ లేన్ చేరారు. ఏడో నంబరు సగం పెచ్చులూడి, తలుపు తీసే ఉంది. అద్దెకున్న దర్జీ, ఈ గుంపుని చూసి ఎవరో పోయారనుకుని చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. జనం లోపలికి తోసుకెళ్లబోతుంటే గోష్ఠ గొడుగు అడ్డం పెట్టాడు.

"ఎవరూ లోపలికి వెళ్లొద్దు. ఎవరూ ఆవిణ్ని ఏమీ అడగొద్దు. ఇది అని నేనూ అనను, కాదని మీరూ అనకండి. ఆవిడే చూసుకుని ఆవిడే చెబుతారు. కాదంటే కాదు."

తల్లీ కూతుళ్లు లోపలికి వెళ్లారు. నలభై మంది వీధిలో నిలబడ్డారు. లాహిరీ గారు వచ్చి ఎదురింటి అరుగు మీద గోష్ఠ పక్కన కూర్చున్నాడు. తలుపు వైపే చూస్తూ అడిగాడు.

"గోష్ఠబాబూ, ఈ ఆరేళ్లలో గ్రూపులో నేను చెప్పినవి ఎన్ని తప్పులు?"

గోష్ఠ మొహమాటపడ్డాడు. లాహిరీ గారు వదల్లేదు.

"నాకు తెలిసినవి పదకొండు సార్."

పెద్దాయన ముఖం మాడిపోయింది. "ఒక్కటైనా చెప్పొచ్చు కదయ్యా. నాకు అంతా తెలుసనుకుని తిరుగుతున్నాను. పిచ్చివాణ్ని చేశారు నన్ను, అంతమందీ కలిసి."

గోష్ఠ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. లోపల్నుంచి ఇంకా చప్పుడు లేదు. ఆవిడ కాదంటుందేమో. కాదన్నా సరే, ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి.

తలుపు దగ్గర అలికిడయింది. బాసనాదేవి ఒక్కతే, గోడ పట్టుకుని, గడపలోకి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ జనాన్ని చూడలేదు, చూపు ఆనక చేత్తో తడుముకుంటూ మెట్టు మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుని, ముఖం ఎండ వైపు ఎత్తింది.

"ఫొటోకి అన్నయ్య ఇక్కడే కూర్చోబెట్టాడు" అంది. తర్వాత, "నన్నేమీ అడగని ఆ బాబు ఏడీ?" అని వెతుక్కుంది.

గోష్ఠ వచ్చి ముందు నిలబడ్డాడు. ఆవిడ ఆయన మణికట్టు దొరకబుచ్చుకుంది. ఆ పట్టు చూస్తే ఎనభై ఒకటి అనిపించదు.

"నువ్వు ఆ మాట అనకపోతే, ఆ ఇల్లే మాదని అందరికీ చెప్పుకుంటూ చచ్చిపోయేదాన్ని బాబూ. చివరికి నేనూ నమ్మేదాన్ని."

గోష్ఠ ఆవిడ పక్కన, కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు.